మహాదేవ గోవింద రానడే: శాస్త్రప్రమాణము, సంస్కారధర్మము

ధర్మశాస్త్రాధ్యయనమునకు ప్రథమసోపానము ప్రమాణబలాబలవిచారము. శ్రుతికిని స్మృతికిని విరోధము కలిగినచో శ్రుతియే బలీయము. స్మృతికిని పురాణమునకును విరోధము కలిగినచో స్మృతియే బలీయము. ఆచారము ఈ రెంటికిని లోబడి నడువవలసినది. ఈ క్రమమును మనము విద్యార్థులచే వల్లెవేయింతుము, పరీక్షాపత్రములలో అడుగుదుము. ఈ క్రమమునే ఒక బాలవితంతువు జీవితమునకు అన్వయించి చూపుడని ఎవరైన కోరినచో మన సమాధానమేమి? పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మహారాష్ట్రదేశమున ఈ ప్రశ్నను పండితుల యెదుట నిలిపినవారిలో ముఖ్యుడు మహాదేవ గోవింద రానడే.

చరిత్రకారులు ఆయనను బొంబాయి ఉన్నతన్యాయస్థాన న్యాయమూర్తిగను, భారతీయార్థశాస్త్రమునకు మూలపురుషునిగను, కాంగ్రెసు మహాసభ పుట్టుకకు తోడ్పడిన రాజనీతిజ్ఞునిగను ప్రస్తుతింతురు. అవి యన్నియు యథార్థములే. అయినను ప్రాచ్యవిద్యాపరులమగు మనకు ఆయన జీవితమునందు వేరొక ప్రయోజనము కలదు. శాస్త్రమును ద్రోసిపుచ్చక శాస్త్రమార్గముననే సంస్కారమును సాధింపబూనిన ఆ మహాశయుని యత్నము ఎంతవరకు ఫలించినది, ఎచ్చట స్ఖలించినది, ఆ స్ఖలనమువలన సిద్ధాంతమునకు హాని కలదా లేదా అనునవి ఈ వ్యాసమున విచార్యములు.

జననము, విద్య

రానడే 1842 జనవరి 18వ తేదీన నాసిక మండలమందలి నిఫాడు గ్రామమున చిత్పావనబ్రాహ్మణకుటుంబమున జన్మించెను. తండ్రి కొల్హాపుర సంస్థానమున ఉద్యోగి. బాల్యమున కొల్హాపురముననే మరాఠీ, ఆంగ్లపాఠశాలలలో చదివి, పదునాలుగవయేట బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థ చేరెను. 1857లో నెలకొన్న బొంబాయి విశ్వవిద్యాలయము 1859లో జరిపిన ప్రథమ ప్రవేశపరీక్షలో కృతార్థులైన ఇరువదియొక్కరిలో ఆయన యొకడు. పిమ్మట సంస్కృతవిద్వాంసునిగా జగద్విఖ్యాతి గాంచిన రామకృష్ణ గోపాల భండార్కరు మరియొకడు. ఈ యిరువురి మైత్రి యావజ్జీవము నిలిచినది. 1862లో బి.ఏ., 1864లో ఎం.ఏ., 1866లో న్యాయశాస్త్రపట్టము వరుసగా లభించినవి. రాత్రింబవళ్లు చదివిన ఫలితముగా విద్యార్థిదశయందే కన్నులు దెబ్బతిన్నవి. ఆ బాధ జీవితాంతము వదలలేదు.

ఛాత్రుడుగా నున్నపుడే మరాఠాపాలనతో ఆంగ్లపాలనను పోల్చి, మొదటిదానిని మెచ్చి యొక వ్యాసము వ్రాసినందులకు కళాశాలాధ్యక్షుడు అలెగ్జాండర్ గ్రాంటు ఆయన వేతనమును ఆరు మాసములు నిలిపివేసెనని చెప్పుదురు. వృద్ధాప్యమున, 1900లో, మరాఠాశక్తి యభ్యుదయమును గూర్చి ఆయన ప్రకటించిన గ్రంథమునకు బీజము ఆ బాల్యవ్యాసముననే యున్నదనవచ్చును. మరాఠారాజ్యము కేవలము దోపిడిగాండ్ర సమూహము కాదనియు, జ్ఞానేశ్వరుడు మొదలు తుకారామువరకు గల సాధుసంతతి కలిగించిన మతజాగృతియే శివాజీ రాజ్యమునకు భూమిని సిద్ధపరచినదనియు ఆ గ్రంథమునందలి సిద్ధాంతము. మతమునందలి పరిష్కారము లేక రాజ్యాభ్యుదయము లేదను ఆయన జీవితవిశ్వాసమునకు అదియే చారిత్రకోదాహరణము.

పునర్వివాహమునకు శాస్త్రమున తావు గలదా?

1856లో విధవావివాహమును చట్టబద్ధము చేయు శాసనము వెలువడెను. చట్టము అనుమతించిన పిదప శాస్త్రవిచారముతో పనియేమని నేటివారికి సందేహము కలుగవచ్చును. చట్టము వివాహమును చెల్లుబాటు చేయగలదుగాని, పురోహితుని పిలిచి పీటలపై కూర్చుండబెట్టలేదు. వివాహమాడినవారి యింట శ్రాద్ధమునకు భోక్తలు రారు. తోబుట్టువులకు సంబంధములు కుదురవు. గ్రామమున నీటిరేవు సైతము మూతపడును. ఈ ద్వారములకు తాళపుచెవి పండితుల చేతిలో నుండెను. అందువలననే ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వంగదేశమున 1855లో పరాశరస్మృతిని ఆధారము చేసికొని గ్రంథము రచించెను. దానిని మరాఠీలోనికి దెచ్చిన విష్ణుశాస్త్రి పండితుడు 1866లో విధవావివాహోత్తేజకమండలిని స్థాపించెను. రానడే అందు ప్రధానసభ్యుడు.

1869లో ఆ మండలి పూనికతో ఒక విధవావివాహము జరుగగా, దానికి బాసటయైనవారిపై పీఠాధిపతులు బహిష్కారము విధించిరి. వివాదము ముదిరి 1870లో పుణ్యపత్తనమున శంకరాచార్యులవారి సమక్షమున ఉభయపక్షముల పండితులకు వాదము జరిగినది. తీర్పు సంస్కర్తలకు ప్రతికూలముగా వెలువడెను. ఆ సంవత్సరముననే రానడే విధవావివాహమునకు గల వేదప్రమాణములను సమకూర్చి ఆంగ్లమున ఒక వ్యాసము రచించెను.

ఆ కాలమున ఈ వివాదమందు ప్రధానముగా నిలిచిన వాదములను సంగ్రహముగా చూతము. భర్త కానరాకపోయినను, మరణించినను, సన్న్యసించినను, క్లీబుడైనను, పతితుడైనను స్త్రీకి పత్యంతరము విహితమని పరాశరుడు చెప్పినాడు. ఆ స్మృతి కలియుగధర్మములకే ఉద్దిష్టమని గ్రంథారంభమునందే కలదు. దీనిపై పూర్వపక్షులు మూడు సమాధానములు చెప్పుదురు. మొదటిది: మాధవాచార్యుల వ్యాఖ్యానుసారము ఈ విధి యుగాంతరవిషయము. రెండవది: కలివర్జ్యములలో విధవావివాహము నిషిద్ధము. మూడవది వైయాకరణులది: పతిశబ్దమునకు సమాసమునందే గాని ఘిసంజ్ఞ లేదు; కనుక సప్తమీవిభక్తియందు ‘పత్యౌ’ అని యుండవలెను; శ్లోకమున ‘పతౌ’ అని యున్నందున అచ్చట ‘అపతౌ’ అని పదచ్ఛేదము చేసి, ఇంకను పతికానివాడు, అనగా వాగ్దానము చేయబడిన వరుడు మాత్రమే వివక్షితుడని వారి యాశయము.

ఈ మూడవ వాదము వినుటకు రమ్యముగనే యున్నది. కాని తరువాతి శ్లోకములలోనే పరాశరుడు భర్త మరణించిన స్త్రీకి బ్రహ్మచర్యమును, ఆ పిమ్మట సహగమనమును చెప్పినాడు. ఆ రెండును వివాహితకే గాని వాగ్దత్తకు సంభవింపవు. ప్రకరణమంతయు వివాహితను గూర్చి నడచుచుండగా ఒక్క పదముకొరకు మొదటి శ్లోకమును వేరుచేయుట ప్రకరణవిరుద్ధము. ఆర్షప్రయోగములను అంగీకరించు శాస్త్రజ్ఞులకు ‘పతౌ’ అను రూపము అడ్డంకి కానేరదు. మొదటి వాదమునకు, కలిధర్మములను చెప్పుటకే ఆరంభించిన గ్రంథమున ఒక్క విధిని మాత్రము యుగాంతరమునకు పంపుట ఉపక్రమవిరుద్ధమని సమాధానము. రెండవ వాదమునకు, కలివర్జ్యవచనములు ప్రాయికముగా పురాణములనుండి గ్రహింపబడినవి గనుక స్మృతివిధిని బాధింపజాలవని విద్యాసాగరుడు సమాధానము చెప్పెను.

ఇచ్చట నేను ఒక్క విషయము చేర్చెదను. ఆ కలివర్జ్యపరిగణనమునందే అగ్నిహోత్రమును సన్న్యాసమును గూడ కలవు. అయినను వర్ణవిభాగమును వేదాధ్యయనమును ఉన్నంతవరకు అవి ఆచరణీయములేయను దేవలవచనమును ఆధారము చేసికొని నిబంధనకారులు వానికి మినహాయింపు కల్పించిరి. ఆ మినహాయింపు లేనిచో కలియుగమున మఠములు లేవు, పీఠములు లేవు. పుణ్యపత్తనసభకు అధ్యక్షత వహించినవారు సన్న్యాసులే గదా! పురుషుని సన్న్యాసమునకు దారి వెదకిన శాస్త్రబుద్ధి, ఎనిమిదేండ్ల వితంతువునకు దారి వెదకకుండుటకు హేతువు శాస్త్రమున లేదు. అది సభాసదుల సంకల్పమునందు మాత్రమే యున్నది.

గృహమున ఎదురైన పరీక్ష

ఇంతటి వాదము నడపిన రానడే జీవితమున 1873లో విషమపరీక్ష వచ్చినది. ఆ సంవత్సరము అక్టోబరులో ఆయన భార్య సఖూబాయి మరణించెను. ఆయన వితంతువునే వివాహమాడునని మిత్రులందరును ఎదురుచూచిరి. ఆ శంక తండ్రికిని కలిగినది. కుమారుడు అట్లు చేసినచో తాను తన దారిని పోవుదునని వృద్ధుడు పట్టుబట్టెను. తండ్రిమాట జవదాటనేరక ముప్పదియొక యేండ్ల రానడే రెండు మాసములు గడువకముందే పదకొండేండ్ల బాలికను పరిణయమాడెను. ప్రతిపక్షులు పరిహసించిరి, స్వపక్షీయులు తల వంచుకొనిరి.

ఆయన నీ విషయమున సమర్థించుట ఉచితము కాదు. పితృవాక్యపరిపాలనము ధర్మమే, కాని ఆ ధర్మమును పాటించినవాడు రానడే, మూల్యము చెల్లించినది ఆయన విశ్వాసమును నమ్ముకొన్న వితంతులోకము. అయితే దీనిని బట్టి ఆయన సిద్ధాంతము అసత్యమని చెప్పుట తర్కదోషము. వక్త ఆచరణలోపము వాక్యార్థమును బాధింపదు. వైద్యుడు పథ్యము తప్పినంతమాత్రమున ఆయుర్వేదము అప్రమాణము కాదు.

ఆ బాలికయే తరువాత రమాబాయి రానడేగా ప్రసిద్ధి కెక్కినది. వివాహమునాటికి ఆమెకు అక్షరములు రావు. భర్త స్వయముగా ముందు మరాఠీని, పిమ్మట ఆంగ్లమును నేర్పెను. ఉమ్మడికుటుంబమున పెద్ద స్త్రీలు ఆమె చదువును నిందించుచు నానావిధముల బాధించిరి. ఆమె మౌనముగా సహించి చదువు మానలేదు. 1884లో పుణ్యపత్తనమున భండార్కరు ప్రభృతులతో కలిసి రానడే బాలికల ఉన్నతపాఠశాలను నెలకొల్పుటకు తోడ్పడెను. భర్త గతించిన పిదప రమాబాయి 1909లో పూనా సేవాసదనమునకు అధ్యక్షురాలై, 1924లో తాను మరణించువరకు వితంతువులకు, నిరాధారస్త్రీలకు విద్యాదానము చేసెను. 1910లో ఆమె ప్రకటించిన స్మృతిగ్రంథము మరాఠీవాఙ్మయమున స్త్రీలు వ్రాసిన ఆత్మకథలలో అగ్రగణ్యము. 1873లో జరిగిన తప్పిదమునకు అర్థశతాబ్దికాలము సాగిన పరిహారమది. దానిని జరిపినదియు ఆ తప్పిదమునకు గురియైన వ్యక్తియే.

రాజకీయము, అర్థశాస్త్రము

1871లో పుణ్యపత్తనమునకు న్యాయాధికారిగా వచ్చినది మొదలు రానడే అచ్చటి సార్వజనికసభకు ప్రాణమాయెను. గణేశ వాసుదేవ జోషి 1870లో స్థాపించిన ఆ సభ రైతుల స్థితిగతులను విచారించి ప్రభుత్వమునకు నివేదించుచుండెను. బ్రిటిషు పార్లమెంటున భారతీయులకు ప్రాతినిధ్యము కావలెనని 1875లో విజ్ఞప్తి పంపినదియు ఆ సభయే. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును పీడించిన క్షామమున అది చేసిన సేవ ప్రశస్తము. 1878లో ప్రారంభమైన సభాపత్రికలో అధికభాగము రానడే రచనయే. ప్రభుత్వోద్యోగి గనుక ఆయన పేరు అచ్చట కానరాదు. అయినను అధికారులు శంకింపక మానలేదు. 1879లో వాసుదేవ బలవంత ఫడ్కే తిరుగుబాటు సమయమున ఆయనను ధూలియాకు బదిలీ చేసి, ఆయనకు వచ్చు లేఖలను రహస్యముగా పరీక్షించిరి. నేరమేమియు తేలలేదు.

1875లో పూనా, అహమ్మదునగర ప్రాంతముల రైతులు వడ్డీవ్యాపారులపై తిరుగబడి ఋణపత్రములను దగ్ధము చేసిరి. తత్ఫలితముగా 1879లో దక్కను వ్యవసాయదారుల రక్షణచట్టము వచ్చినది. ఆ చట్టము అమలును పర్యవేక్షించు ప్రత్యేకన్యాయాధికారిగా రానడే గ్రామగ్రామము తిరిగి రైతు దుస్థితిని ప్రత్యక్షముగా చూచెను. ఆయన అర్థశాస్త్రము ఈ యాత్రలనుండి పుట్టినది. 1892లో పూనా దక్కను కళాశాలలో భారతీయార్థశాస్త్రమును గూర్చి చేసిన ప్రసంగమున, ఆంగ్లదేశమున పుట్టిన నిర్బంధరహితవాణిజ్యసిద్ధాంతము సర్వదేశములకు సర్వకాలములకు వర్తింపదని ఆయన ప్రతిపాదించెను. దేశము కేవలము వ్యవసాయముపై నాధారపడినంతకాలము దారిద్ర్యము తొలగదనియు, పరిశ్రమలను ప్రభుత్వము పోషింపవలెననియు ఆయన మతము. దేశకాలపాత్రములను బట్టి విధిని నిర్ణయించుట ధర్మశాస్త్రసంప్రదాయము. ఆయన అదే దృష్టిని అర్థశాస్త్రమునకు అన్వయించెను.

సాంఘికమహాసభ, ఆంధ్రసంబంధము

1885లో బొంబాయిలో జరిగిన ప్రథమ కాంగ్రెసుసభకు రానడే హాజరయ్యెను. రాజకీయసభతోబాటు సంఘసంస్కారమునకును దేశవ్యాప్తసభ యుండవలెనని సంకల్పించి, 1887లో మద్రాసు నగరమున జాతీయసాంఘికమహాసభను ఆరంభించెను. ఆయనకు తోడైనవాడు దివాన్ బహదూర్ రఘునాథరావు. ఈయనయు శాస్త్రాధారముననే విధవావివాహమును సమర్థించినవాడు. ప్రథమసభకు రాజా సర్ తంజావూరు మాధవరావు అధ్యక్షుడు. ఇది మొదలు మరణపర్యంతము ఏటేట కాంగ్రెసు జరిగిన నగరముననే సాంఘికసభను జరిపించుట రానడేకు వ్రతమాయెను.

ఈ వ్రతమునకును మన యాంధ్రదేశమునకును గాఢమైన సంబంధము కలదు. కందుకూరి వీరేశలింగము పంతులు 1879లో స్త్రీపునర్వివాహమును గూర్చి రాజమహేంద్రవరమున శాస్త్రప్రమాణసహితముగా ఉపన్యసించి, ప్రతివాదుల ఖండనములకు సమాధానములు వ్రాసెను. 1881 డిసెంబరు 11వ తేదీన ప్రథమవివాహము జరిపించెను. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసాహాయ్యము చేసెను. మహారాష్ట్రమున తొలివివాహమును దరిమిలా జరిగిన వాదము వెనుకకు లాగగా, గోదావరీతీరమున వాదమును వివాహములు వెంటనంటివచ్చినవి. 1898లో మద్రాసున జరిగిన సాంఘికమహాసభకు పంతులుగారు అధ్యక్షత వహించిరి. దక్షిణదేశ విద్యాసాగరుడను ప్రశస్తి రానడే యిచ్చినదేయని ప్రసిద్ధి. తాను చేయలేకపోయినదానిని చేసిన మరియొకని మనసార కొనియాడుట సామాన్యగుణము కాదు.

1897లో అమరావతిలో జరిగిన సభయందు రానడే చేసిన ప్రసంగము మన విచారమునకు మిక్కిలి ముఖ్యము. ఈ అమరావతి కృష్ణాతీరమునందలిది కాదు, విదర్భదేశమునందలిది. సంస్కారము వలదు, ప్రాచీనాచారపునరుద్ధరణమే కావలెనను పక్షము అప్పటికి ప్రబలినది. వారిని ఆయన ఒక్కటే అడిగెను: పునరుద్ధరింపవలసినది ఏ ప్రాచీనము? నియోగమా? ఎనిమిది విధముల వివాహములా? పండ్రెండు విధముల పుత్రులా? పశుయాగములా? ప్రాచీనమని మనము తలచునది యుగయుగమున మారుచు వచ్చినది. జీవించునది మారకుండ నుండజాలదు. కావున మార్పు కూడదనుట ప్రాచీనసంప్రదాయమునకే విరుద్ధము. ఇదియే ఆ ప్రసంగతాత్పర్యము. ధర్మశాస్త్రచరిత్రను చదివినవారెవ్వరును దీనిని కాదనలేరు.

తేనీటి వివాదము, సభాభేదము

1890లో పూనాలోని పంచహౌదు క్రైస్తవమందిరమున జరిగిన యొక సభలో ఆహూతులకు తేనీరు ఇచ్చిరి. అచ్చటికి వెళ్లినవారి పేర్లు పత్రికకెక్కగా పెద్ద యలజడి చెలరేగినది. వారిలో రానడేయును బాల గంగాధర తిలకును కలరు. శంకరాచార్యులవారు విచారణ జరిపించి ప్రాయశ్చిత్తము విధించిరి. మిత్రుల కుటుంబములు వెలివలన పడు కష్టములను చూచి, వారితో తానును 1892లో రానడే ప్రాయశ్చిత్తము చేసికొనెను. 1873లో తండ్రికొరకు, 1892లో మిత్రులకొరకు ఆయన లొంగెను. మృదుస్వభావము ఆయన భూషణము, అదియే దూషణము. అదే నగరమున ధోండో కేశవ కర్వే 1893లో వితంతువును వివాహమాడి వెలిని భరించి నిలిచినాడు. ఆ ధైర్యమునకు నేల చదును చేసినది రానడే వాదమే. ఆ నేలపై ఇల్లు కట్టినవాడు కర్వే.

బాలికల సమ్మతివయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచిన 1891 నాటి చట్టమును రానడే, భండార్కరు, తెలంగు సమర్థించిరి. పరప్రభుత్వము మన యాచారములలో జోక్యము చేసికొనరాదని తిలకు ఎదిరించెను. 1895లో పూనాలో కాంగ్రెసు జరిగినపుడు, దాని పందిరిలో సాంఘికసభ జరుగరాదని ప్రతిపక్షులు పట్టుబట్టిరి. కాంగ్రెసు చీలునను భయముతో రానడే కలహింపక తన సభను వేరొకచోటికి మార్చెను. సార్వజనికసభ చేజారగా 1896లో గోపాలకృష్ణ గోఖలేతో కలిసి దక్కనుసభను నెలకొల్పెను. రాజకీయస్వాతంత్ర్యము ముందా, సంఘసంస్కారము ముందా అను వివాదమున తిలకు పక్షమునకు జనాదరణము లభించినది. రానడే దృష్టిలో ఆ ప్రశ్నయే దోషయుక్తము. ఇంటిలో స్త్రీని, ఊరిలో అంత్యజుని బంధించిన జాతి రాజ్యమునందు మాత్రము స్వతంత్రము కాగలదని ఆయన విశ్వసింపలేదు.

అంత్యదశ, పరంపర

1893లో కాశీనాథ త్ర్యంబక తెలంగు మరణానంతరము రానడే బొంబాయి ఉన్నతన్యాయస్థాన న్యాయమూర్తియై ఆజీవనము ఆ పదవిలో నుండెను. 1900లో లాహోరు సాంఘికసభకు ఆరోగ్యము సహకరింపక వెళ్లలేకపోయెను. ఆయన పంపిన ప్రసంగమును గోఖలే చదివెను. దాని శీర్షిక వసిష్ఠవిశ్వామిత్రులు. క్షత్రియుడై పుట్టి బ్రహ్మర్షియైన విశ్వామిత్రుని పేరు ఆయన తుదిప్రసంగశీర్షికలో నుండుట యాదృచ్ఛికము కాదని నా తలంపు. 1901 జనవరి 16వ తేదీన, ఏబదితొమ్మిదవ సంవత్సరము నిండుటకు రెండు దినములు ముందు, బొంబాయిలో ఆయన పరమపదించెను.

శిష్యుడు గోఖలే 1905లో భారతసేవకసమాజమును స్థాపించెను. ఆ గోఖలేను గాంధీజీ తన రాజకీయగురువుగా స్వీకరించెను. మద్రాసు మైలాపూరున రానడే పేర గ్రంథాలయము వెలసినది. 1943 జనవరి 18న పూనాలో డాక్టరు అంబేడ్కరు రానడే జయంతిసందర్భమున ప్రసంగించి, రాజకీయవీరునికంటె స్వసంఘమును ఎదిరించు సంస్కర్తకు అధికధైర్యము కావలెనను దృష్టితో ఆయన మహత్త్వమును నిరూపించెను. వర్ణవ్యవస్థవలన పీడితుడైన మహావిద్వాంసుడు, ఆ వ్యవస్థకు శిరస్స్థానమున పుట్టిన వానికి అర్పించిన ఈ గౌరవముకంటె గొప్ప సాక్ష్యము వేరొకటి యుండదు.

రానడే ప్రమాణములను వెదకినాడు, సభ తీర్పు చెప్పినది, కాలము ఆ తీర్పును కొట్టివేసినది. నేడు విధవావివాహమునకు ఏ పీఠమునుండియు అనుమతి కోరువారు లేరు. ఇది సంస్కర్తల విజయమే, కాని పండితులకు మాత్రము నష్టము. ప్రజలు దారి అడిగినప్పుడు శాస్త్రము దారి చూపియుండినచో, తరువాతితరమువారు శాస్త్రమును అడుగుట మానియుండెడివారు కారు. పరాశరస్మృతి మన కళాశాలలలో నేటికిని పాఠ్యగ్రంథము. ఆ పంచాపద్విషయకశ్లోకము వచ్చినపుడు పదచ్ఛేదము చెప్పి ముందుకు సాగక, దానిపై 1870లో పుణ్యపత్తనమున ఏమి జరిగినదో, ఆ తీర్పువలన ఎవరి జీవితములు ఏమైనవో విద్యార్థులకు చెప్పవలసిన బాధ్యత అధ్యాపకులది. ప్రమాణబలాబలవిచారము ఎందులకు నేర్చుచున్నారో వారికి అప్పుడు తెలియును.